గురువారానికి రెండు పట్టాలు

"ఒక్క టర్కీకోడికి నా గురువారాలన్నీ అమ్మేశారు మీరు! సిగ్గు లేదూ?"

సింజియానా భుజం మీది సంచి ఇంకా దించలేదు. బస్సు దిగి తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి అరిచిందా మాట.

తల్లి వెతూరియా వెనక్కి తిరగలేదు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కుతకుతలాడుతోంది. తెడ్డు ఆపితే ఉండలు కడుతుంది. కూతురు అరిచినా సరే, ఇల్లు కూలినా సరే, ఇవాళ సంకటి ఉండలు కట్టకూడదు. భోజనానికి నాషు ఎఫ్తీమీ వస్తున్నాడు.

"బూట్లు విప్పు ముందు. ఇప్పుడే తుడిచాను" అంది.

"నా బూట్ల సంగతి తర్వాత. పదికి పది ఎలా వచ్చింది నాకు?"

"పది వచ్చిందని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా."

"వచ్చిందా, తెచ్చారా?"

"ఏదైతేనేం. పదే కదా."

"అమ్మా, ఇటు తిరుగు."

"సంకటి అడుగంటుతుందే."

"అంటనీ! మాడి మసైపోనీ! ఇటు తిరుగు!"

వెతూరియా తిరిగింది. తెడ్డు మాత్రం ఆపలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

పెరట్లో పాంఫిల్ బడి బస్సు అద్దాలు తుడుస్తున్నాడు. పసుపు పచ్చటి చిన్న బస్సు. కొండ మీది ఇళ్ల పిల్లల్ని తమ ఊరు మెస్తెకేని బడికి తెచ్చి దించడం అతని ఉద్యోగం. కిటికీ తెరిచే ఉంది. కూతురి మాట ప్రతి ఒక్కటీ అతనికి వినబడుతోంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దేశంలో కెమిస్ట్రీ డిగ్రీ ఒక్కటి పట్టుకుని బడిలో పాఠం చెబుతానంటే గుమ్మంలోనే ఆపేస్తారు. డిగ్రీతో పాటే, అదే మూడేళ్లలో, పక్కన బోధన కోర్సు కూడా పూర్తి చేయాలి. పిల్లల మనసు ఎలా పని చేస్తుందో చదవాలి. చివరి ఏడు నగరంలోని ఒక బడికి వెళ్లి, అనుభవమున్న టీచరు వెనక బెంచీలో కూర్చుని చూస్తుండగా పాఠాలు చెప్పాలి. మంచి నియమమే. ఎవరు కాదన్నారు?

కానీ ఆ పాఠాల రోజు గురువారం. కెమిస్ట్రీ వాళ్ల ల్యాబు రోజు కూడా గురువారమే.

ల్యాబు తప్పితే డిగ్రీ లేదంటాడు ఒక పెద్దమనిషి. బడి తప్పితే బోధన పట్టా లేదంటాడు ఎదురు భవనంలోని ఇంకో పెద్దమనిషి. ఆ రెండు భవనాల మధ్య ఉన్నదల్లా ఒక చిన్న పెరడు, రెండు బెంచీలు, ఒక కాఫీ మిషను. ఆ పెరడు దాటి ఒకడితో ఒకడు మాట్లాడిన పాపాన పోలేదు. పిల్లలు మాత్రం ఒకే గురువారాన్ని రెండుగా చీల్చుకోవాలి. నియమం రాసినవాళ్ల క్యాలెండర్లో గురువారాలు రెండున్నాయి కాబోలు!

సింజియానా ల్యాబుకే వెళ్లింది. నీళ్ల గొట్టం చెడి ల్యాబు మూసిన రోజుల్లో మాత్రం బడికి పరుగెత్తింది. అలా ఆమె చెప్పిన పాఠాలు రెండంటే రెండు.

మొన్న శుక్రవారం ఆమెకి పది వచ్చింది. చెప్పని పాఠాలన్నీ చెప్పినట్టు! ఆ సాయంత్రం ఫోన్లో అడిగితే తల్లి, 'మన టర్కీ ఊరికే పోలేదు' అని నోరు జారింది.

"ఆ పది ఏం చేసిందో నీకు తెలుసా?" అంది సింజియానా. గొంతు తగ్గింది. తగ్గిన గొంతే వెతూరియాని ఎక్కువ భయపెట్టింది. "మా తరగతంతా కలిసి విజ్ఞప్తి పెట్టాం. ల్యాబు బుధవారానికి జరపండి, లేకపోతే ఒక్కరికీ రెండో పట్టా రాదు అని. ముందు సంతకం నాదే. అందర్నీ లాక్కొచ్చింది నేనే. భయపడ్డవాళ్లని తిట్టి మరీ లాక్కొచ్చాను. శుక్రవారం బోధన విభాగం పెద్దాయన వరండాలో నిలబడి ఏమన్నాడో తెలుసా? 'రెండూ చెయ్యడం కుదరదంటారేం? మీలో ఒకమ్మాయి చేసింది కదా. ల్యాబు ఒక్కటీ మానలేదు, పాఠాలన్నీ చెప్పింది, పదికి పది. మిగతావాళ్లది బద్ధకం' అన్నాడు. అందరి ముందూ నా పేరు చదివాడు. నన్ను చూపించి నవ్వాడు కూడా. మెచ్చుకుంటున్నాడట!"

తెడ్డు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది.

"రుక్సాండ్రా నాతో ఒకే గదిలో ఉంటుంది. ఒకే గిన్నెలో తింటాం. అది అందరి ముందూ అడిగింది, 'ఎలా చేశావే? నిన్ను నువ్వు రెండుగా కోసుకున్నావా? ఏ ముక్క ల్యాబుకి పోయింది, ఏ ముక్క బడికి పోయింది?' అని. నేనేం చెప్పను? మా అమ్మ ఒక కోడిని కోసిందని చెప్పనా?"

"దానికి కుళ్లు. నీకు పది వచ్చిందని."

"దానికి కుళ్లు కాదమ్మా, అసహ్యం. రాత్రి దాని మంచం ఇంకో గదిలోకి ఈడ్చుకుపోయింది."

వెతూరియా సంకటి కుండ దించింది. బల్ల మీది చెక్కపలక మీద బోర్లించింది. పచ్చటి ముద్ద పొగలు కక్కుతూ నిలబడింది. ఒక్క ఉండ లేదు. ఆ ముద్దని చూస్తూ అంది:

"నేనేం నా అంతట నేను ఇవ్వలేదు. ఆవిడే అడిగింది."

"ఎవరు? నా పాఠాలు చూసే ఒలింపియా టీచరా?"

"ఆవిడే. ఫిబ్రవరిలో జున్ను అమ్ముకుందామని నగరం వచ్చాను చూడు, అప్పుడు ఆ బడికి వెళ్లాను. మా అమ్మాయి ఎలా చెబుతోందండీ అని అడిగాను. అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. 'మీ అమ్మాయికి సబ్జెక్టు బాగా వచ్చమ్మా, ఇక కావలసిందల్లా కాస్త శ్రద్ధ' అంది. అర్థం కానంత వెర్రిదాన్నా నేను?"

మా వైపు డాక్టరు దగ్గరికి వెళ్లినా, పురపాలక ఆఫీసుకి వెళ్లినా, చేత్తో పట్టుకెళ్లేదాన్ని లంచమని ఎవరూ అనరు. ఆ మాట పత్రికలవాళ్లది. మేము 'శ్రద్ధ' అంటాం. నర్సుకి కాఫీపొడి పొట్లం ఒక చిన్న శ్రద్ధ. గుమాస్తాకి గుడ్ల బుట్ట ఇంకో శ్రద్ధ. ఎదుటివాడు గొంతు తగ్గించి 'కాస్త శ్రద్ధ ఉండాలి' అన్నాడంటే మరునాడు సంచీ బరువుగా ఉండాలన్నమాట. ఈ మాటకి ఇంకో అర్థం కూడా ఉండేదని మాలో చాలామందికి గుర్తే లేదు.

సింజియానాకి గుర్తుంది.

ఆమె నోరు తెరిచింది. నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు కూతురి నోట వెతూరియా ఎప్పుడూ వినలేదు.

"అమ్మా... ఆవిడ నిజంగా శ్రద్ధే అడిగిందే."

"అదే కదా నేనూ చెబుతున్నా."

"అది కాదు! శ్రద్ధ. శ్రద్ధ అంటే శ్రద్ధ! నేను పిల్లల వైపు చూడను. బోర్డుకి చెబుతాను పాఠం. మొదటి రోజు ఒక పాప లేచి, 'మా బావి నీళ్లలో సబ్బు ఎందుకు నురగ రాదు టీచర్' అని అడిగింది. నేను బోర్డు నిండా సూత్రం రాసి తిరిగి చూశాను. ఆ పాప కూర్చుండిపోయింది. ముఖం మూసేసుకుంది, తలుపు మూసుకున్నట్టు. ఒలింపియా టీచరు అది చూసింది. గంట కొట్టాక నా దగ్గరికొచ్చి, 'నువ్వు జవాబు చెప్పావు గాని ఆ పాపకి చెప్పలేదమ్మా, వచ్చే గురువారం మళ్లీ ప్రయత్నించు' అంది. వచ్చే గురువారం ల్యాబు!"

వెతూరియా ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. తడి లేదు. మళ్లీ తుడుచుకుంది.

"నాకు ఆ గురువారాలు కావాలమ్మా. పాఠం చెప్పడం నాకు రాదు. నేర్చుకోవాలి. నువ్వు నాకు నేర్చుకున్నట్టు పది తెచ్చిపెట్టావు."

"ఇంతకీ ఆవిడ పుచ్చుకుందిగా!" వెతూరియా గొంతు పెంచింది. "అంత శ్రద్ధగల మనిషైతే టర్కీ ఎందుకు పుచ్చుకుంది? చెప్పు! నువ్వు నన్ను దొంగదాన్ని చేస్తున్నావు గాని, ఆవిడ పుచ్చుకోకపోతే నీకు పది ఎక్కణ్నించి వస్తుంది?"

శుక్రవారం నుంచి సింజియానాని తొలుస్తున్నది కూడా అదే. పాపకి చెప్పలేదమ్మా అన్న మనిషి కోడిని పుచ్చుకుందా?

"మీ అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ఉత్త చేతులతో వెళ్లాను" అంది వెతూరియా. "నియమం ప్రకారం అంతా ఉచితం అని గోడ మీద రాసుంది. చదివాను. నమ్మాను. దుప్పటి మార్చమని అడిగితే ఎవరూ తిరిగి చూడలేదు. ఆ దుప్పట్లోనే పోయింది. అప్పటినుంచి నేను గోడల మీద రాసింది చదవను. నీ పుస్తకాలు నీ దగ్గరే పెట్టుకో."

సంకటి పొగ తగ్గుతోంది.

గేటు చప్పుడైంది.

ఎఫ్తీమీ వచ్చాడంటే వాకిట్లో కుక్క కూడా మొరగదు. వెతూరియా, పాంఫిల్‌ల పెళ్లిలో వాళ్ల నెత్తిన కిరీటాలు పట్టింది ఆయన. సింజియానాని జ్ఞానస్నానపు తొట్టి మీద ఎత్తుకున్నది ఆయన. అలాంటివాణ్ణి మేము నాషు అంటాం. తండ్రికంటే ఒక మెట్టు పైన. దానికి తోడు ఆయన ఊరి బడికి హెడ్మాస్టరు. బస్సు తాళాలు పాంఫిల్ జేబులో ఉన్నాయంటే ఆయన ఉంచబట్టే.

"ఏదీ మా పది? ఎక్కడ మా పది?" అంటూ చేతులు చాచి లోపలికొచ్చాడు. చంకలో ద్రాక్షసారా సీసా. "రా పిల్లా, ముద్దు పెట్టు నాషుకి!"

సింజియానా కదల్లేదు.

"ప్రయాణం చేసొచ్చింది, అలిసిపోయింది నాషూ" అంది వెతూరియా. "కూర్చోండి. పాంఫిల్! రావయ్యా, ఆ అద్దం అరిగిపోతుంది!"

పాంఫిల్ వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. సింజియానా సంచి కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. వెతూరియా పుల్లటి చారు వడ్డించింది. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం గిన్నె మధ్యలో పెట్టింది. సంకటిని దారంతో ముక్కలు కోసింది. ఎఫ్తీమీ సిలువ గీసుకుని, చెంచా ఎత్తి, ఒక గుటక మింగి కళ్లు మూసుకున్నాడు.

"చారు కాచడంలో నీ చేతిని మించింది లేదు వెతూరియా. కోళ్లని పెంచడంలో కూడానూ. ఆ టర్కీ... ఏం పెట్టి పెంచావే దాన్ని? వెన్నలా ఉందనుకో. మా ఆవిడ ఆపిల్ పళ్లు కూరి కాల్చింది. రెండు ఆదివారాలు తిన్నాం."

వెతూరియా చేతిలోని గరిటె గిన్నె అంచుకి తగిలి మోగింది.

"మీరు తిన్నారా?"

"మరి? పారేస్తామా?"

"అది ఒలింపియా టీచరుకి కదా పంపించాను! మీరు నగరం మీటింగుకి వెళుతున్నారని మీ చేతికిచ్చాను."

ఎఫ్తీమీ పెదాలు తుడుచుకుని నవ్వాడు. చిన్నపిల్లలు తప్పు లెక్క చెబితే నవ్వినట్టు.

"ఆవిడకి కోడి ఇవ్వబోతే బడి గేటు దాకా తరిమి కొడుతుంది. ఆవిడ సంగతి నాకు తెలీదా? నేనేం చేశానంటే, మంచిగా వెళ్లి కూర్చుని, 'మీ సింజియానా ప్రతి సోమవారం మా ఊరి బడిలో పాఠాలు చెబుతోంది, వెనక బెంచీలో నేనే కూర్చుని వింటున్నా, బ్రహ్మాండంగా చెబుతోంది' అన్నాను. హెడ్మాస్టరు మాట. నమ్మింది. 'అమ్మయ్య, ఆ పిల్ల దారి వెతుక్కుంది' అని ఎంత సంతోషపడిందనుకున్నారు! కళ్లల్లో నీళ్లు తిరిగాయావిడకి. అక్కడికక్కడే పది వేసింది."

సింజియానా కూర్చున్న కుర్చీ వెనక్కి జరిగింది.

"ఆవిడకి తెలీదా?"

"తెలియాల్సిన అవసరమేముంది?"

"సోమవారాలు నేను ఈ ఊళ్లోనే లేను నాషూ. ఒక్క సోమవారం కూడా."

"నువ్వు లేకపోతే ఏమైంది, నేనున్నాగా" అన్నాడు ఎఫ్తీమీ. తన మాటకి తనే నవ్వి పాంఫిల్ గ్లాసులో సారా పోశాడు. పాంఫిల్ గ్లాసు ముట్టుకోలేదు.

"గురువారం మా కాలేజీ సంఘం కూర్చుంటోంది" అంది సింజియానా. "మా విజ్ఞప్తి మీద. మమ్మల్ని పిలిచింది కూడా గురువారమే, ల్యాబు గంటలోనే. ఇప్పుడు మూడింటికి పంచాలి ఒక్క గురువారాన్ని. నేను వెళ్లి చెబుతాను. ఆ పది నాది కాదు, కొట్టెయ్యండి అంటాను."

"కూర్చో."

"కూర్చోను."

"కూర్చోవే!" ఎఫ్తీమీ అరచేత్తో బల్ల చరిచాడు. చారు తొణికింది. "నీ డిగ్రీ చదువులో ఇది చెప్పలేదేమో, విను. సెప్టెంబరుకి రెండు పట్టాలూ ఉన్న కెమిస్ట్రీ టీచర్ని చూపించకపోతే మన బడిలో పెద్ద క్లాసులు ఎత్తేసి కొండ అవతల రుంకు ఊరి బడిలో కలిపేస్తారు. ఇన్‌స్పెక్టరు నా ముఖం మీదే చెప్పాడు. ఎవరొస్తారు ఈ కొండల్లోకి? ఎవడూ రాడు. నువ్వొక్కదానివే వస్తానన్నావు. నువ్వు వస్తావని నేను మాటిచ్చాను. ఇప్పుడు నువ్వు వెళ్లి నీతి కబుర్లు చెబితే ఆ పిల్లలు మంచులో కొండ దాటి రుంకుకి పోవాలి. వాళ్ల తల్లులు నిన్ను ఏమంటారో విందువు గాని, చర్చి గుమ్మంలో."

"పిల్లలకి టీచరు కావాలా, పట్టా ఉన్న బొమ్మ కావాలా?"

"ముందు బొమ్మని నిలబెడదాం. తర్వాత అదే టీచరవుతుంది."

"ఇప్పుడు కెమిస్ట్రీ ఎవరు చెబుతున్నారు మన బడిలో? ఆటల సారు! పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించి, ఊపిరి పీల్చండి, ఇదే ఆక్సిజన్ అంటున్నాడట!"

పాంఫిల్ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, దగ్గో. ఎఫ్తీమీ అటు చూడగానే ఆగిపోయింది.

"జూన్ దాకా బడి నడుస్తుంది" అంది సింజియానా. "ల్యాబుని బుధవారానికి జరిపితే ఇప్పుడైనా మేమందరం వెళ్లి ఆ పాఠాలు చెప్పుకోగలం. నిజంగా చెప్పుకోగలం. నేను కూడా. సెప్టెంబరుకి నిజమైన పట్టాతో ఇక్కడికే వస్తాను. వాళ్లు ఒప్పుకోవడానికి ఉన్న అడ్డు ఒక్కటే. మీరు తెచ్చిపెట్టిన పది. అది ఉన్నంతకాలం అందరం బద్ధకస్తులమే."

"వాళ్లు జరపకపోతే?"

సింజియానా తండ్రి వైపు చూసింది.

"చూశావా! జరపకపోతే నీ పదీ పోతుంది, బడీ పోతుంది. నీ స్నేహితులకి వేరే ఊళ్లున్నాయి. వేరే పనులున్నాయి. ఎవరో ఒకరు మందుల కంపెనీలో చేరతారు. మనకి?"

"అమ్మాయ్" అన్నాడు పాంఫిల్. ఇంటికొచ్చాక అతను నోరు విప్పడం అదే మొదలు. "పది వచ్చింది. ఉంచుకో. నోరు మూసుకో. అంతే."

"నాన్నా!"

"అంతే అన్నానా!"

తండ్రి తన వైపు చూడడం లేదని సింజియానా చూసింది. సింజియానా చూసిందని వెతూరియా చూసింది. ఇరవై రెండేళ్ల కూతురి ముఖం తలుపు మూసుకున్నట్టు మూసుకుంది. సబ్బు నురగ గురించి అడిగి కూర్చుండిపోయిన పాప ఎలా ఉండి ఉంటుందో వెతూరియాకి అప్పుడు తెలిసింది.

ఎఫ్తీమీ క్యాబేజీ చుట్ట ఇంకోటి వేసుకున్నాడు. గెలిచినవాడిలా నమిలాడు.

"ఆవిడని కూడా ముంచేస్తావు" అన్నాడు నములుతూనే. "మీ ఒలింపియాని. చూడకుండా పది వేసిందని అంటారు ఆవిడనే. నన్ను ఎవడూ అనడు. నేనేం రాసివ్వలేదు కదా, నోటిమాట అన్నాను. అనలేదంటాను. సోమవారాల సంగతి ఆవిడ కలగన్నదంటాను."

వెతూరియా గరిటె కింద పెట్టింది.

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయట. ఆ పిల్ల దారి వెతుక్కుందని. కోడి పుచ్చుకోని మనిషి. కాఫీపొడి లేకుండా, గుడ్లు లేకుండా, తన కూతురి కోసం సంతోషపడిన మనిషి. వెతూరియా ఇన్నేళ్లలో ఇన్ని సంచులు మోసింది, ఇన్ని గుమ్మాల్లో నిలబడింది. అడగకుండా, ఇవ్వకుండా ఒకరు తన పిల్లని పట్టించుకోవడం ఆమె ఎరగదు. ఎరిగినప్పుడేమో దాన్ని కోడి అనుకుంది.

"అనలేదంటారా?" అని అడిగింది.

"అవసరమైతే."

"ఆవిడ ఉద్యోగం పోతుంది కదండీ."

"ఎవరిదో ఒకరిది పోతుంది. మనది పోకూడదు. అంతేనా కాదా, పాంఫిల్?"

పాంఫిల్ టోపీని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"నేను వెళతాను" అంది సింజియానా. సంచి మళ్లీ భుజానికెత్తుకుంది. "సాయంత్రం బస్సుకి పోతున్నా. రేపు పొద్దున్నే ఒలింపియా టీచరు ఇంటికి వెళ్లి ముందు ఆవిడకి చెబుతాను. గురువారం సంఘానికి చెబుతాను. కానీ నేనొక్కదాన్నే చెబితే నమ్మరు. తరగతిలో తిట్లు భరించలేక అబద్ధమాడుతోందంటారు. అమ్మా, నువ్వు రావాలి."

"నేనా? ఆ పెద్దవాళ్ల ముందుకా?"

"నువ్వే. ఏం విన్నావో, ఏం అర్థం చేసుకున్నావో, ఎవరి చేతికిచ్చావో చెప్పాలి. టర్కీ అని పేరు పెట్టి చెప్పాలి."

"నవ్వుతారే నన్ను."

"నవ్వనీ. నన్ను చూసి మెచ్చుకుంటూ నవ్వారు. అంతకంటేనా?"

ఎఫ్తీమీ తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. ఆయన కంఠం ఇప్పుడు చాలా మెత్తగా ఉంది.

"పాంఫిల్, బస్సు తాళాలు ఇలా ఇవ్వు."

పాంఫిల్ టోపీ బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ ఆదివారం కదా నాషూ" అన్నాడు పాంఫిల్.

"అందుకే. రేపు పొద్దున ఎవరు నడుపుతారో నీ పెళ్లాం, నీ కూతురూ తేలుస్తారు. వాళ్లు నోరు మూసుకుంటే తాళాలు నీవి. బస్సెక్కి నగరం పోయారంటే ఇంకొకడివి. ఇవ్వు."

చాచిన అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా ఉంది. వేళ్లకి ఇంకా జిడ్డు మెరుస్తోంది. పాంఫిల్ చెయ్యి జేబులోకి వెళ్లింది. తాళాల చప్పుడు వినిపించింది. చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

వెతూరియా ఏప్రను ముడి విప్పింది. తీసి కుర్చీ వెన్నుకి వేసింది. వడ్డించడానికి లేచిన మనిషి వడ్డించలేదు. ఎఫ్తీమీ ముందున్న పళ్లెం తీసేసింది. సగం తిన్న చుట్టతో సహా. ఈ ఇంట్లో నాషు పళ్లెం ఆయన తినడం అవకముందే తీయడం ఇదే మొదలు.

"ఏంటిది వెతూరియా?"

"చాలు నాషూ. తిన్నది చాలు."

"నేనెవరో మరిచిపోయావా?"

"మరవలేదు. నా నెత్తిన కిరీటం పట్టారు. నా పిల్లని తొట్టి మీద ఎత్తుకున్నారు. ఆ రోజు పూజారి అడిగితే, ఈ పిల్లకి తప్పుడు దారి చూపించనని దాని తరఫున మీరే మాటిచ్చారు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను." పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. "తప్పు నేనూ చేశాను. మంచి మాటని కోడి మాట అనుకున్నాను. ఆ సంగతి నేనే చెప్పుకుంటాను, నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. కానీ నేను చెబితే సగమే. కోడి నా చెయ్యి దాటినప్పటి నుంచి మిగతా సగం మీది."

సింజియానా తల్లి వైపు చూసింది. సంచితోనే వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"గురువారం పొద్దున బస్సుకి మీరు కూడా రావాలి నాషూ" అంది వెతూరియా. "వచ్చి, ఆ టీచరుకి ఏం చెప్పారో సంఘం ముందు చెప్పాలి. సోమవారాలు లేవని చెప్పాలి. ఆ పది కొట్టించాలి. ల్యాబుని గురువారం నుంచి కదిలించేదాకా అక్కణ్నించి కదలకూడదు. నా టర్కీని ఏ నోటితో తిన్నారో, ఆ నోటితోనే చెప్పండి!"